పాడైన పట్టణమును కట్టిన పిల్లలు



సండే స్కూలు పిల్లలచేత నమూనాలు చేయించడము మన సంఘములలో కొత్త సంగతి కాదు. క్రిస్మసుకు పశువుల పాక, ఈస్టరుకు ఖాళీ సమాధి, వి.బి.ఎస్. ముగింపునాటికి నోవహు ఓడ చేయని ఊరు లేదు. అట్ట, రంగు కాగితము, కొంచెము మెరుపు పొడి ఉంటే పని జరిగిపోతుంది. అయితే కూలిపోయిన పట్టణమును, కాలిపోయిన గుమ్మములను, రాళ్ళ కుప్పలను నమూనాగా చేద్దామంటే మాత్రము పెద్దలు మొహమాటపడతారు. "మంచివి ఇన్ని ఉండగా పాడైనది పిల్లలకు చూపించడమెందుకు?" అంటారు. మమ్మును కూడా అలాగే అడిగారు. ఆ ప్రశ్నకు జవాబుగా ఉంటుందనీ, ఇటువంటి నమూనా చేయదలచిన ఇతర సంఘములకు పనికివస్తుందనీ ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మేము పల్నాడు ప్రాంతములో ఒక చిన్న సంఘములో సండే స్కూలు బోధకులము, నలుగురము. 2023 మే నెలలో జరిగిన వి.బి.ఎస్.కు నెహెమ్యా గ్రంథమును పాఠముగా తీసుకున్నాము. నెహెమ్యా పని ప్రారంభించకముందు ఏమి చేశాడో రెండవ అధ్యాయములో ఉన్నది. ఎవరికీ చెప్పకుండా రాత్రివేళ కొద్దిమందిని వెంటబెట్టుకొని, వాహనము మీద ఎక్కి, పడిపోయిన ప్రాకారము చుట్టూ తిరిగి చూశాడు. చూచిన తరువాతనే 'కట్టుదము రండి' అని జనులను పిలిచాడు. పాడైనదానిని కన్నులారా చూడనివాడు దానిని కట్టలేడు. కాబట్టి పిల్లలు కూడా మొదట శిథిలములను చేయాలి, తరువాత ప్రాకారమును కట్టాలి అని మేము అనుకున్నాము.

కాని మాకు ఒక సంకోచము ఉన్నది. ఆ ఏప్రిల్ నెలలోనే మా పేటలో మూడు పూరిళ్ళు కాలిపోయాయి. మధ్యాహ్నపు ఎండ, వడగాలి, ఒక పొయ్యిలోనుండి లేచిన నిప్పురవ్వ. అరగంటలో అంతా అయిపోయింది. ప్రాణనష్టము లేదు, దేవునికి స్తోత్రము. ఆ మూడింటిలో ఒక ఇల్లు మా సండే స్కూలులోని పదకొండేళ్ళ పిల్లవానిది. తండ్రి లేడు, తల్లి కూలికి వెళ్తుంది. ఆనాటి నుండి పిల్లవాడు క్లాసుకు వచ్చి కూర్చుంటున్నాడు గాని నోరు విప్పడము లేదు. ఇటువంటి పిల్లవాని ముందు కాలిన పట్టణము చేయవచ్చునా? మా నలుగురిలో ఇద్దరము వద్దన్నాము, ఇద్దరము చేద్దామన్నాము. చివరకు తల్లినే అడుగుదామని వెళ్ళాము. ఆమె గుడి వెనుక గదిలో ఉంటున్నది అప్పటికి. మా మాట విని కొంచెముసేపు ఊరుకొని, "వాడు బూడిద చూడలేదా మాష్టారూ? రోజూ ఆ బూడిద పక్కనుంచే గదా నీళ్ళకు పోతున్నాడు. మీరు దాచిపెడితే ఏమొస్తుంది? చెయ్యనీయండి, ఏదో ఒకటి చేతులతో కట్టనీయండి" అన్నది. దానితో మా సందేహము తీరింది.

కొలత ఎంత?

నమూనాకు మొదట కావలసినది కొలత. యెరూషలేములో ఒక గొప్ప నమూనా ఉన్నది. హాన్స్ క్రోక్ అనే హోటలు యజమాని, 1948 యుద్ధములో చనిపోయిన తన కుమారుని జ్ఞాపకార్థము దానిని కట్టించాడు. మైకేల్ అవి-యోనా అనే పండితుని ఆధ్వర్యములో తయారై 1966లో పూర్తి అయింది. క్రీ.శ. 70లో రోమీయులు నాశనము చేయకముందు యెరూషలేము ఎలా ఉండెనో అది చూపిస్తుంది. 2006లో దానిని ఇశ్రాయేలు మ్యూజియమునకు తరలించారు. దాని కొలత 50కి 1. అనగా 50 అడుగుల గోడ అక్కడ ఒక అడుగు. మేము కూడా ఆ కొలతనే పెట్టుకున్నాము. మనిషి బొమ్మ అంగుళము కంటె కొంచెము ఎక్కువ, ఇంటి తలుపు అంగుళమున్నర.

పిల్లలచేత ఒక లెక్క చేయించాము. నెహెమ్యా 3:13 ప్రకారము హానూనును జానోహ కాపురస్థులును లోయద్వారము నుండి పెంటద్వారము వరకు వెయ్యి మూరల గోడ బాగుచేశారు. మూర 18 అంగుళములు అనుకుంటే 1500 అడుగులు. మా కొలతకు అది 30 అడుగుల పొడవు అవుతుంది! మా గుడిలో అంత చోటు లేదు. అందుచేత లోయద్వారము, దానికి ఇరుపక్కల గోడ, లోపల కొన్ని ఇళ్ళు, బయట లోయలోనికి దిగే వాలు మాత్రమే తీసుకున్నాము. పాత తలుపు చెక్క ఒకటి నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పుది దొరికింది. అదే మా నేల.

సామగ్రి

ఇటువంటి పనికి పూర్వము అందరూ థర్మోకోల్ వాడేవారు. 2022 జూలై 1 నుండి అలంకరణకు వాడే థర్మోకోల్ మన దేశములో నిషేధము. అది లేకపోయినా నష్టము లేదు. అది మంటకు కరిగి చెడ్డ పొగ ఇస్తుంది, కొన్ని రకముల జిగురు తగిలినా కరిగిపోతుంది, మట్టిలో కలిసిపోదు. మన ఇళ్ళలో ఉన్నవి దానికంటె మేలైనవి.

కొండకు, లోయకు కాగితపు గుజ్జు వాడాము. పాత కాగితములు నానబెట్టి మెంతులు వేసి రుబ్బి, ఆ ముద్దతో బుట్టలు చేయడము మన అమ్మమ్మలకు తెలిసిన పనే. స్త్రీల సమాజములోని పెద్దమ్మలు ఇద్దరు వచ్చి పిల్లలకు నేర్పించారు. నలిపిన కాగితపు ఉండలను చెక్క మీద అంటించి, వాటి మీద గుజ్జును పలుచగా పూయాలి. ఒకేసారి మందముగా పూస్తే ఎండేటప్పుడు పగులుతుంది. పొర ఆరిన తరువాత మరొక పొర వేయాలి. మే నెల ఎండకు మూడు రోజులలో రాయిలాగ అయింది.

గోడ లోపలి భాగమునకు అట్టపెట్టెలు సరిపోయాయి. అతికించడానికి చింతగింజల అంబలి వాడాము. కొండపల్లి బొమ్మలు చేసేవారు చింతగింజల పొడిలో రంపపు పొట్టు కలిపి 'మక్కు' అనే ముద్ద చేసి, దానితోనే బొమ్మల చేతులు కాళ్ళు అతుకుతారు. ఇటువంటి జిగురుకు పురుగు పట్టకుండా పుస్తకములు కుట్టేవారు మైలుతుత్తము కలుపుతారు. అది విషము కాబట్టి పిల్లల చేతికి ఇవ్వక మేమే కలిపాము.

రాళ్ళకు బడిలోని సుద్దముక్కలు వాడాము. అరిగిపోయి పారవేసిన ముక్కలు ఉపాధ్యాయులు ఒక డబ్బా నిండ ఇచ్చారు. మా కొలతకు సుద్దముక్క మందము సుమారు అడుగున్నర రాయి. గరుకు కాగితము మీద నాలుగు వైపుల రుద్దితే చెక్కిన రాయిలాగ ఉంటుంది. విరిస్తే విరిగిన రాయిలాగే విరుగుతుంది. చాలనివాటికి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ను పళ్ళెములో పోసి, ఆరిన తరువాత బట్టలో చుట్టి సుత్తితో కొట్టాము. జిప్సము అనే ఖనిజమును సుమారు 150 డిగ్రీల వేడిలో కాలిస్తే వచ్చే పొడి అది. నీళ్ళు తగలగానే మరల గట్టిపడుతుంది, గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. అందులో చెయ్యి ఉంచితే కాలుతుంది. కాబట్టి పిల్లలను దగ్గరకు రానీయకూడదు.

ఎర్ర ఇటుక పొడి ఒక పిల్లవాడు తెచ్చాడు. వద్దన్నాము. ఇటుకలు కాల్చి కట్టిన పట్టణము బబులోను. యెరూషలేము సున్నపురాతి కొండల మీద సున్నపురాతితో కట్టిన పట్టణము. దాని రాయి మీగడ రంగుగా, కొంచెము పసుపు కలిసినట్టు ఉంటుంది. సుద్దముక్కల మీద పలుచని టీ డికాషను చల్లితే ఆ రంగు చక్కగా వచ్చింది.

దూలములకు చీపురు ఈనెలు, గుమ్మపు తలుపులకు మందు తీసివేసిన అగ్గిపుల్లలు, బూడిదకు ధాన్యపు మిల్లులోని ఊక బూడిద తీసుకున్నాము. ఊక బూడిద సన్నని ఇసుకవంటి పదార్థము ఎక్కువగా కలది, ఊపిరిలోనికి పోరాదు. అందుకని దానిని తడిపి, పిల్లల మూతులకు గుడ్డ కట్టించిన తరువాతనే వాడాము.

కూలిన గోడ ఎట్లుండును?

మూడవ రోజు పిల్లలు గోడలో సగము పడగొట్టినట్టు చేసి, కింద పది పదిహేను రాళ్ళు చల్లి, "అయిపోయింది టీచరుగారూ" అన్నారు. మా సంఘ పెద్దలలో ఒకరు తాపీ మేస్త్రి, అందరూ మేస్త్రి తాత అంటారు. ఆయన దానిని చూచి నవ్వి, "ఒరేయ్ అబ్బాయిలూ, ఆరంగుళాల గోడ రెండంగుళాలకు దిగింది గదా, మిగతా నాలుగంగుళాల రాయి ఎవరు ఎత్తుకుపోయారు?" అని అడిగారు. పిల్లలు ఒకరి ముఖము ఒకరు చూచుకున్నారు. "కూలిన గోడ ఎక్కడికీ పోదు. అక్కడే పడి ఉంటుంది. పేర్చిన రాయి కంటె కూలిన రాయికి చోటు ఎక్కువ కావాలి, మధ్య మధ్య సందులుంటాయి గదా. వడ్లు కుప్ప పోస్తే ఎట్లా జారి నిలబడతాయో చూడలేదా? అట్లా ఉండాలి. వాలు మీద అయితే పెద్ద రాయి కిందదాకా దొర్లుతుంది, సన్నరాయి, మట్టి పైనే ఆగుతాయి."

ఆయన చెప్పినట్టు చేయడానికి మరి రెండు డబ్బాల రాళ్ళు పట్టాయి. చేసిన తరువాత గుమ్మము ముందు దారి అంతా మూసుకొనిపోయింది. అప్పుడు నెహెమ్యా 2:14 మాకు బోధపడింది. రాజు కోనేటి దగ్గరకు వచ్చేసరికి తన వాహనము పోవుటకు ఎడము లేకపోయెనని అక్కడ ఉన్నది. కాథ్లీన్ కెన్యన్ అనే బ్రిటిషు పరిశోధకురాలు 1961 మొదలు 1967 వరకు యెరూషలేము తూర్పు వాలులో త్రవ్వించినప్పుడు, అంచెలంచెలుగా కట్టిన కట్టలు కూలి వాలు నిండ రాళ్ళ గుట్టలుగా పడి ఉండడము చూచి, నెహెమ్యా వాహనమును ఆపినవి ఇవే అని అభిప్రాయపడింది. ఎన్నోసార్లు చదివిన వచనమే. చేతులతో రాళ్ళు పోసిన తరువాత గాని మా కంటికి కనబడలేదు.

మరొక ప్రశ్న వచ్చింది. రాళ్ళన్నీ నల్లగా మసిబారి ఉండాలా? నెబుకద్నెజరు సైన్యము యెరూషలేమును కాల్చినది క్రీ.పూ. 586లో. నెహెమ్యా వచ్చినది క్రీ.పూ. 445లో. మధ్యలో 141 వానకాలములు గడిచాయి. మసి కడుక్కుపోయి, సందులలో గడ్డి, ముళ్ళచెట్లు మొలిచి ఉంటాయి. అయితే ఎజ్రా 4వ అధ్యాయములో, ఆ తరువాత కూడ శత్రువులు వచ్చి బలవంతముగా పని ఆపివేసిన సంగతి ఉన్నది. నెహెమ్యా విని ఏడ్చినది ఆ కొత్త నష్టమును గురించే అని కొందరు పండితులు అంటారు. కాబట్టి రాళ్ళకు వాన కడిగిన రంగు వేసి, సందులలో కొబ్బరి పీచు, ఎండిన గరిక నాటాము. గుమ్మములను మాత్రము నల్లగా కాల్చాము. అది మేము పెద్దవారమే చేశాము, కొవ్వొత్తి మంట మీద, పక్కన బకెట్టు నీళ్ళు పెట్టుకొని.

కొవ్వొత్తి వెలిగించినప్పుడు ఆ పిల్లవాడు లేచి బయటికి వెళ్ళాడు. ఎవరమూ పిలువలేదు. వేపచెట్టు కింద కొంతసేపు కూర్చొని తానే తిరిగి వచ్చాడు. అప్పటికి మిగతా పిల్లలు ఒక ఇంటి గోడకు బొగ్గుపొడి పూస్తున్నారు, కిటికీ చుట్టూ గుండ్రముగా. వాడు కొంచెముసేపు చూచి, "మసి కిటికీ కింద ఉండదండీ. పైన ఉంటుంది. మంట పైకి గదా పోయేది" అన్నాడు. నెల రోజులలో వాడు క్లాసులో పలికిన మొదటి మాట అదే. బొగ్గుపొడి గుడ్డ వాని చేతికి ఇచ్చాము. ఆ ఇల్లంతా వాడే చేశాడు.

నిప్పు మిగిల్చినవి

మరునాడు వాని తల్లి కూడ వచ్చి నమూనా చూచింది. "ఇంట్లో ఏమీ పెట్టలేదేం?" అని అడిగింది. కాలిన ఇంట్లో ఏముంటాయమ్మా అన్నాము. "ఎందుకుండవు? రోలు ఉంటుంది. తలుపు గొళ్ళెం ఉంటుంది. మా ఇంట్లో సత్తు గిన్నెలు ముద్దయిపోయాయి గాని కుండ పగల్లేదు. నా గాజులు అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉండలాగ దొరికాయి" అన్నది. ఆ సాయంత్రము పిల్లవాడు బంకమట్టితో రోలు, మూడు కుండలు, ఒక తిరగలి చేసి ఆ ఇంటి బూడిదలో పెట్టాడు.

ఆమె చెప్పిన మాటకు యెరూషలేము త్రవ్వకములు సాక్ష్యమిస్తున్నాయి. యీగల్ షీలో అనే పరిశోధకుడు 1978 నుండి 1985 వరకు దావీదు పట్టణములో త్రవ్వించాడు. క్రీ.పూ. 586లో కాలిన ఇళ్ళు బయటపడ్డాయి. బూడిద, బాణపు మొనలు, కుండలు దొరికాయి. 1982లో ఒకచోట 51 మట్టి ముద్రలు దొరికాయి. ఆ కాలములో పత్రమును చుట్టి, దారము కట్టి, ముడి మీద మట్టి పెట్టి ముద్ర వేసేవారు. నిప్పులో పత్రములన్నీ కాలిపోయాయి. పచ్చి మట్టి మాత్రము కుండలాగ కాలి గట్టిపడి 2500 ఏండ్లు నిలిచింది. ఒక ముద్ర మీద షాఫాను కుమారుడైన గెమర్యా పేరు ఉన్నది. యిర్మీయా 36వ అధ్యాయము తీసి చూడండి. యెహోయాకీము రాజు యిర్మీయా గ్రంథమును చించి నిప్పులో వేయుచుండగా, కాల్చవద్దని రాజును బతిమాలుకున్న ముగ్గురిలో గెమర్యా ఒకడు. ఆ ముద్ర ఆయనదే అయి ఉండవచ్చునని పండితుల అభిప్రాయము. వాక్యమును నిప్పులో వేసిన రాజు పట్టణము బూడిద అయింది. వేయవద్దన్నవాని పేరును ఆ నిప్పే కాపాడింది. ఈ సంగతి పిల్లలకు చెప్పినప్పుడు గదిలో చిన్న శబ్దము కూడ లేదు.

సున్నమైన రాయి

నెహెమ్యా 4వ అధ్యాయములో సన్బల్లటు చేసిన ఎగతాళి అందరికీ తెలిసినదే. కాలిపోయిన రాళ్ళను చెత్తకుప్పలలోనుండి ఏరి, వీరు మరల నిలబెడతారా అని అతడు వెక్కిరించాడు. రాయి కాలితే ఏమవుతుంది అని పిల్లలు అడిగారు. మేస్త్రి తాత వయసులో ఉన్నప్పుడు పిడుగురాళ్ళ సున్నపు బట్టీలలో పనిచేసినవారు. "సున్నపురాయిని బొగ్గుతో కలిపి వరుసలు పేర్చి కాలుస్తాము. తొమ్మిది వందల డిగ్రీల వేడి తగిలితే రాయి రాయిగా ఉండదు. చూడటానికి అదే ఆకారం, ఎత్తితే తేలిక, నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి పొడి అవుతుంది" అని చెప్పారు. పట్టణము కాలినప్పుడు ప్రతి రాయి అంతవరకు కాలదు. కాని మంట బాగా తగిలినది పగిలి, పైన పెచ్చులూడి, బలము పోతుంది. సన్బల్లటు వట్టి మూర్ఖుడు కాడు. రాతి సంగతి తెలిసే మాట్లాడాడు. శత్రువు మన బలహీనతను సరిగానే లెక్కవేస్తాడు. దేవుని మాత్రము ఆ లెక్కలో వేసుకోడు.

వి.బి.ఎస్. పది రోజులతో నమూనా ఆగిపోలేదు. ప్రాకారము 52 దినములలో పూర్తియైనదని నెహెమ్యా 6:15లో ఉన్నది గనుక, ఆ తరువాత వచ్చిన ఎనిమిది ఆదివారములు ఆరాధన అయిన వెంటనే ఒక్కొక్క వరుస కట్టించాము. కుప్పలోని అడుగు రాళ్ళనే జిగురుతో అంటించి, పైవాటిని ఊరకే పోసి ఉంచాము గనుక అవే రాళ్ళు ఏరి గోడకు వాడవచ్చును. మూడవ అధ్యాయములో ఉన్నట్టే ఒక్కొక్క కుటుంబమునకు ఒక్కొక్క భాగము పంచాము. షల్లూము తన కుమార్తెలతో కలిసి కట్టినట్టు మా ఆడపిల్లలు రెండు భాగములు తీసుకున్నారు. తెకోవ ఊరి అధికారులు పనికి మెడ వంచలేదని కూడ ఆ అధ్యాయములో ఉన్నది. మా సంఘములో వారెవరో మేము వ్రాయము, వారికి తెలుసును.

అయిదవ ఆదివారము నాటికి మంచి రాళ్ళు అయిపోయాయి. మిగిలినవి నలిగిన ముక్కలు, పొడి. పిల్లలు వాటిని ఊడ్చి పారవేయబోగా మేస్త్రి తాత ఆపారు. "సున్నమైన రాయి గోడలో రాయిగా పనికిరాదు, నిజమే. కాని రాయికి రాయికి మధ్య పట్టు ఇచ్చేది ఏమిటి? సున్నమే గదా. కాలి, నీళ్ళలో ఉడికి, ఇసుకతో కలిసినదే మిగతా రాళ్ళన్నిటిని పట్టి ఉంచుతుంది" అన్నారు. ఆ పొడిని జిగురులో కలిపి గోడ సందులలో పూయించాము. గోడ అప్పుడు కదలకుండ నిలిచింది.

చదువుచున్న ప్రియ సహోదరీ, సహోదరుడా! కాలిపోయి రాయిగా పనికిరాకుండ పోయితిననుకొనువారు మన సంఘములలో ఎందరో ఉన్నారు. భర్తను పోగొట్టుకున్నవారు, పంట పోయి అప్పులపాలైనవారు, బిడ్డను పాతిపెట్టి వచ్చినవారు. వారు ఇతరుల పక్కన కూర్చున్నప్పుడు కలిగే ఆదరణ, ఏ శ్రమ ఎరుగనివారు వంద మాటలు చెప్పినా కలుగదు. దేవుని ఇంటిలో అటువంటివారే సున్నము.

గోడ ముందా, ఇల్లు ముందా?

ఎనిమిదవ ఆదివారము గోడ పూర్తి అయింది. గుమ్మమునకు కొత్త అగ్గిపుల్లల తలుపులు పెట్టారు. అయ్యగారు పిల్లలను ముందుకు పిలిచి, "ఇప్పుడు పట్టణము పూర్తి అయినదా?" అని అడిగారు. అందరూ అయినదన్నారు. ఆ పిల్లవాడు మాత్రము, "ఇళ్ళు లేవు గదండీ అయ్యగారూ" అన్నాడు. నిజమే. గోడ లోపల కాలిన ఇళ్ళు అలాగే ఉన్నాయి. వాని రోలు, కుండలు అలాగే ఉన్నాయి. అయ్యగారు బైబిలు తెరచి నెహెమ్యా 7:4 చదివించారు. పట్టణము విశాలముగా ఉన్నది, జనులు కొద్దిమంది, ఇండ్లు ఇంకను కట్టబడలేదు అన్న భావము అందులో ఉన్నది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఎందుకనగా మా గుడికి ప్రహరీ గోడ కట్టించడానికి రెండు సంవత్సరముల నుండి చందాలు పోగుచేస్తున్నాము. రాయి కూడ తోలించాము. పిల్లవాని తల్లి ఇంకా గుడి వెనుక గదిలోనే ఉన్నది.

ఆ సాయంత్రము కమిటీ కూర్చున్నది. సంభాషణ తేలికగా జరుగలేదు. "దాతలు దేవుని మందిరపు గోడకని ఇచ్చారు. మన ఇష్టము వచ్చినట్టు ఇంకొకదానికి పెట్టడము నమ్మకద్రోహము" అని కోశాధికారిగారు అన్నారు. ఆ మాటలో న్యాయమున్నది. "గోడ లేక రాత్రిపూట గుడి ఆవరణలోనికి తాగినవాళ్ళు వస్తున్నారు" అని మరొకరు అన్నారు. అదీ నిజమే. చివరకు అయ్యగారు, "అయితే దాతలనే అడుగుదము" అన్నారు. రెండు వారములు ఇల్లిల్లు తిరిగి అడిగాము. చాలమంది సంతోషముతో ఒప్పుకున్నారు. ఇద్దరు ఒప్పుకోలేదు. వారి డబ్బు వేరుగా తీసి గోడకే ఉంచాము, వారిని ఎవరూ ఒక్క మాట అనలేదు. గుడి ముందువైపు గోడ మాత్రము కట్టి, మిగతా మూడు వైపులు ఆపివేశాము. మిగిలిన రాయి, డబ్బు ఆ ఇంటికి వెళ్ళాయి. మేస్త్రి తాత ఆరు రోజులు కూలి తీసుకోలేదు. యవ్వనస్థులు మట్టి మోశారు. కాలిపోయిన మిగతా రెండు కుటుంబములలో ఒకరు అన్నగారి ఇంటిలో సర్దుకున్నారు, మరొకరికి బంధువులు సాయపడ్డారు.

ఇది పెద్ద ఇల్లు కాదు. ఒక గది, ఒక వసారా, పైన సిమెంటు రేకులు. లోపల పూత ఇంకా కాలేదు. గుడికి మూడు వైపుల గోడ ఇప్పటికీ లేదు. అంతా చక్కబడినదని చెప్పలేము. కాని ఇంకొక వేసవి నిప్పురవ్వ వచ్చి పడితే ఆ ఇంటి కప్పు అంటుకోదు. పిల్లవాడు ఇప్పుడు సండే స్కూలులో చిన్నపిల్లలకు సుద్దముక్కలు రుద్దడము నేర్పుతున్నాడు.

ప్రియులారా, మన ప్రభువు యెరూషలేమునకు సమీపించినప్పుడు దాని గొప్ప కట్టడములను చూచి మురిసిపోలేదు. రాబోవు నాశనమును చూచి కన్నీళ్ళు విడిచాడని లూకా 19వ అధ్యాయములో ఉన్నది. మనము పిల్లలకు పరలోకపు బంగారు వీధులను చూపించడము మంచిదే. దానితోపాటు కూలిన గోడను, కాలిన గుమ్మమును చూపించడానికి కూడ భయపడవద్దు. వారు మనకంటె ముందే చూచి ఉన్నారు. మనము చేయవలసినది వారితో కలిసి కూర్చొని, ఆ రాళ్ళను ఒక్కొక్కటిగా ఏరడము. మీ సంఘములో ఇటువంటి పని చేయదలచితే ఎక్కువ ఖర్చు లేదు. సుద్దముక్కలు, పాత కాగితములు, చింతగింజలు, బొగ్గు, ఒక మేస్త్రి, ఒక తల్లి ఉంటే చాలును. పని ముగిసిన తరువాత గోడ లోపల ఇంకా కట్టని ఇళ్ళేవో ఒకసారి చూడండి.

పాడైన స్థలములను బాగుచేయు దేవుడు మన సంఘములను, మన కుటుంబములను జ్ఞాపకము చేసుకొనును గాక. ఆమేన్.